చివరి కుళాయి దగ్గర విశాఖ

విశాఖపట్నం కొండవాలు కాలనీల్లో చాలా ఇళ్ల ముందు మోకాలి లోతు గొయ్యి ఒకటి కనిపిస్తుంది. చుట్టూ సిమెంటు గట్టు, పైన రేకు ముక్కో పాత బండో మూత. మురుగు గుంట అనుకుని పక్కకు తప్పుకునే కొత్తవాళ్లకు తెలియనిది ఏమిటంటే, ఆ ఇంటి మంచినీటి కుళాయి అందులోనే ఉంది. నేల మీద నిలువెత్తున ఉండాల్సిన కుళాయికి నీరు ఎక్కదు. అందుకే ఇంటివాళ్లు పైపు వెంట తవ్వుకుంటూ పోయి, నీరు అందిన లోతులో గొట్టం కోసి అక్కడే పట్టుకుంటున్నారు. నీళ్లొచ్చే వేళకు ఒకరు గోతిలోకి వంగి మగ్గుతో తోడి బిందెలో పోస్తే, ఇంకొకరు ఆ బిందెను పైకి అందుకుంటారు. వాన పడిన రోజు పక్క కాలువ నీరు అదే గోతిలోకి దిగుతుంది. సరఫరా ఆగాక గొట్టం ఖాళీ అవుతుంది. ఖాళీ గొట్టం చుట్టుపక్కల ఉన్న తడిని లోపలికి లాక్కుంటుంది. మర్నాడు మొదటి బిందెలో పడేది ఆ నీరే.

అదే ట్యాంకు నుంచి అదే పైపు కొండ కిందికీ వెళుతుంది. అక్కడి అపార్ట్‌మెంటులో నేల కింద సంపు, దానికి మోటారు, డాబా మీద ట్యాంకు ఉంటాయి. కుళాయి ఎన్ని గంటలకు వచ్చిందో, ఎంతసేపు వచ్చిందో ఆ ఇళ్లలో ఎవరూ గమనించరు, గమనించాల్సిన అవసరం లేదు. నగరపాలక సంస్థ లెక్కలో మాత్రం కొండ మీది ఇల్లూ, కొండ కింది ఇల్లూ ఒకే గడిలో ఉంటాయి. రెండింటికీ కుళాయి కనెక్షన్ ఉన్నట్టే. ప్రజాసేవల్లో ఉన్న అసమానత ఎక్కువగా ఇలాంటి గడుల్లోనే దాక్కుంటుంది. సేవ ఉందా లేదా అన్న ప్రశ్నకు నగరంలో దాదాపు అందరికీ ‘ఉంది’ అన్న జవాబే వస్తుంది. ఎంత ఉంది, ఎలా ఉంది, చివరి ఇంటికి చేరేసరికి ఏం మిగిలింది అన్న ప్రశ్నలకు వచ్చే జవాబు మాత్రం ఇంటి చిరునామాను బట్టి మారిపోతుంది.

నీటి విషయంలో కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. నీరు పది మీటర్ల ఎత్తు ఎక్కాలంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి కావాలి. పట్టణ నీటి సరఫరాకు దేశంలో ఇంజనీర్లు చాలా కాలం అనుసరించిన ప్రమాణం ప్రకారం, ఒక అంతస్తు ఇళ్లున్న వీధిలో పైపు చివర నీటిని కనీసం 7 మీటర్ల ఎత్తు ఎక్కించే ఒత్తిడి మిగలాలి. రెండంతస్తులైతే 12, మూడంతస్తులైతే 17. మెట్ల మీద మెట్లుగా యాభై, అరవై మీటర్లు పైకి పాకిన కాలనీకి కింది వీధి ట్యాంకు ఆ ఒత్తిడి ఇవ్వలేదు. కావాల్సింది మధ్యలో ఇంకో ట్యాంకు, దాన్ని నింపే పంపు, ఆ పంపు నడవడానికి కరెంటు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా పైవాళ్లకు మిగిలేది గొయ్యి. పైగా కింది ఇళ్లు పైపుకే నేరుగా మోటార్లు బిగిస్తే ఉన్న కాస్త ఒత్తిడి కూడా మధ్యలోనే ఆగిపోతుంది.

ఇది వ్యవసాయం ఎరిగిన వారికి కొత్త సంగతేమీ కాదు. కాలువ మొదట్లో పొలం ఉన్న రైతు మడి నిండా పెట్టుకుంటాడు. ఆయకట్టు చివరి భూములవాడు గట్టు మీద కూర్చుని ఎదురు చూస్తాడు. కాలువకు ఎంత నీరు వదిలారన్నది ఆ చివరి రైతుకు అక్కరలేని లెక్క. అయితే తమ దాకా రాలేదని చివరి భూముల రైతులు వీధికెక్కి ప్రశ్నించడం తెలుగునాట ఉన్నదే. నగరంలో చివరి కుళాయివాళ్లకు అలా చెప్పుకునే పేరు కూడా లేదు. భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ప్రమాణం. నగరమంతటికీ పంపిన నీటిని జనాభాతో భాగించి ఆ సంఖ్యకు దగ్గరగా ఉన్నామని చెప్పుకోవడం తేలిక. భాగహారంలో కొండ ఎత్తు కనిపించదు.

అసలు ఇంతమంది కొండ ఎక్కవలసిన అవసరం ఎందుకొచ్చింది? జవాబు విశాఖ నేల తీరులోనూ, ఆ నేల పంచుకున్న తీరులోనూ ఉంది. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం. మధ్యలో ఉన్న పళ్లెం లాంటి చదును నేలలో పెద్ద భాగం ఓడరేవుకు, రైల్వేకు, నేవీకి, చమురు శుద్ధి కర్మాగారానికి, ఇతర పరిశ్రమలకు వెళ్లింది. ఆ సంస్థల్లో కూలి పనికి, నిర్మాణ పనికి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవాళ్లకు పని దొరికింది కానీ చదును నేల మీద గూడు దొరకలేదు. గూడు కొండవాలు మీద కట్టుకున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలో 44.1 శాతం కుటుంబాలు మురికివాడల్లో ఉన్నాయి. జనాభా పది లక్షలు దాటిన నగరాల్లో ముంబయి కంటే కూడా అది ఎక్కువ. సముద్రతీరపు అందాల నగరమని పేరున్న ఊరికి అలాంటి అంకె ఉందంటే చాలామంది నమ్మరు. బీచ్ రోడ్డు మీద నిలబడితే ఆ ఇళ్లు కనిపించవు మరి.

చిరునామాను బట్టి సేవ మారడానికి రెండో కారణం తేదీల్లో ఉంది. 2005కు ముందు విశాఖ నగరపాలక సంస్థ విస్తీర్ణం సుమారు 111 చదరపు కిలోమీటర్లు. ఆ ఏడాది గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలిపి ‘మహా విశాఖ’ చేయడంతో అది ఒక్కసారిగా అయిదు వందల చదరపు కిలోమీటర్లు దాటింది. 2013లో అనకాపల్లి, భీమునిపట్నం మున్సిపాలిటీలు కూడా చేరాయి. కాగితం మీద సరిహద్దు ఒక ఉత్తర్వుతో మారుతుంది. భూమిలో పైపు అలా మారదు. ముడసర్లోవ, తాటిపూడి వంటి పాత నీటి వనరుల చుట్టూ అల్లుకున్న గొట్టాలు పాత నగరం కోసం వేసినవి. భూగర్భ మురుగు వ్యవస్థ కూడా మొదట పాత పరిధిలోని వార్డులకే వచ్చింది. విలీనమైన ఊళ్లు సెప్టిక్ ట్యాంకులతో, వీధి కాలువలతో నగరంలోకి వచ్చాయి. ఆ కాలువలు గెడ్డల్లో కలుస్తాయి. ఉత్తరాంధ్రలో గెడ్డ అంటే వాన నీరు పారే వాగు. నగరంలో ఆ మాటకు అర్థం మురుగు కాలువగా మారిపోయింది. పెద్ద వాన పడితే జ్ఞానాపురం దగ్గర చావులమదుం రైల్వే వంతెన కింద నీరు నిలిచిపోవడం ప్రతి వర్షాకాలం వార్తే.

ఈ విలీనంలో బాధించే విషయం ఒకటుంది. నగరానికీ, ఉక్కు కర్మాగారానికీ నీరు తెచ్చే ఏలేరు ఎడమ కాలువ పొడవు 153 కిలోమీటర్లు. అంత దూరం నుంచి వచ్చే నీరు గాజువాక వైపే, కణితి జలాశయానికి చేరుతుంది. అంటే పెద్ద నీరు ముందుగా వచ్చేది నగరపు దక్షిణ కొసకే. అయినా ఆ వైపు కాలనీల్లో నీటి ట్యాంకరు ఇప్పటికీ తెలిసిన అతిథి. కర్మాగారానికి నీరు తేవడానికి కాలువ తవ్వగలిగిన రాష్ట్రానికి, ఆ కాలువ కొస నుంచి పక్క వీధికి గొట్టం వేయడం దశాబ్దాల పనైంది.

విలీనమైన తేదీ ఒక్కటే అన్నిటినీ నిర్ణయిస్తుందనుకుంటే అదీ పొరపాటే. వన్‌టౌన్ అన్నిటికంటే పాత విశాఖ. ఇరుకు సందులు, పాతబడిన పైపులు, ఓడరేవు నుంచి గాలికి వచ్చి కిటికీల మీద పేరుకునే బొగ్గు ధూళి అక్కడి జనం నిత్యం పడే అవస్థ. లాసన్స్ బే కాలనీ, పెదజాలారిపేట ఇరుగుపొరుగు పేటలు. ఒకటి నగరంలో ఖరీదైన నివాస ప్రాంతం, ఇంకొకటి తరాలుగా చేపల వేట మీద బతికే ఊరు. మధుర‌వాడ ఆలస్యంగా నగరంలోకి వచ్చింది కానీ ఐటీ కొండ, పెద్ద లేఅవుట్లు, విశాలమైన రోడ్లు అక్కడికి వేగంగా వచ్చాయి. వేసవిలో అక్కడి అపార్ట్‌మెంట్లు కూడా నీళ్లు కొనుక్కుంటాయి నిజమే. వాళ్లు నెలవారీ నిర్వహణ రుసుములో ఆ ఖర్చు పంచుకోగలరు. కొండ మీద ఇంటి పనులకు వెళ్లే మహిళకు నీటి కోసం ఆగిన గంట అంటే ఆ పూట ఒక ఇంటి పని పోవడమే.

ఇక్కడ విశాఖకు మాత్రమే ఉన్న ఒక లక్షణం గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. ఇది టౌన్‌షిప్పుల నగరం. పోర్టుకు సాలగ్రామపురంలో క్వార్టర్లు, రైల్వేకు వాల్తేరులో కాలనీలు, నేవీకి తన ఆవరణలు, ఉక్కు కర్మాగారానికి ఉక్కునగరం. ఒక తరం విశాఖ మధ్యతరగతి తన బతుకులో మంచి భాగాన్ని ఈ ప్రహరీల లోపల గడిపింది. లోపల నీరు సంస్థ ఇచ్చేది. చెట్లు, వీధి దీపాలు, బడి, ఆసుపత్రి, ఆటస్థలం కూడా. రిటైరై బయటికొచ్చి ఇల్లు కట్టుకున్నాకే చాలామందికి మున్సిపల్ కుళాయి అంటే ఏమిటో తెలిసింది. వాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. అర్జీ రాయడం తెలిసిన, అధికారిని నిలదీయగలిగిన, పత్రికకు ఫోను చేయగలిగిన వర్గం చాలా కాలం మున్సిపల్ సేవల అవసరమే లేకుండా బతికింది. బయట ఉండిపోయినవాళ్ల కష్టానికి బలమైన గొంతు తోడవలేదు. ఏ ఊరిలోనైనా సేవలు బాగుపడేది వాటిని వాడే జనంలో కాస్త పలుకుబడి ఉన్నవాళ్లు కూడా ఉన్నప్పుడే. విశాఖలో ఆ కలయిక జరగలేదు.

ఉక్కునగరం ప్రహరీ ఈ తేడాకు అన్నిటికంటే పదునైన గీత. 1966లో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అంటూ తెలుగు నేలంతా కదిలింది. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. ఆ కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్లవాళ్లు గాజువాక, పెదగంట్యాడ, వడ్లపూడి వైపు నిర్వాసిత కాలనీల్లో స్థిరపడ్డారు. నేల ఇచ్చిన కుటుంబాలు గోడకు ఇవతల, ఆ నేల మీద పుట్టిన టౌన్‌షిప్పు గోడకు అవతల. లోపలి వీధులు నక్షా గీసి, గొట్టాలు పరిచి, ఆ తర్వాత ఇళ్లు కట్టినవి. ఇవతలి కాలనీల్లో ముందు మనుషులొచ్చారు, తర్వాత ఇళ్లు వచ్చాయి, చివరికెప్పుడో గొట్టాలు. సేవల నాణ్యతలో తేడా చాలావరకు ఈ వరుస క్రమంలోనే ఉంది.

మూడో కారణం భూమి కాగితం. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి అనే అయిదు ఊళ్లలోని భూముల మీద సింహాచలం దేవస్థానానికీ, అక్కడ ఇళ్లు కట్టుకున్నవారికీ మధ్య దశాబ్దాలుగా వివాదం నడుస్తోంది. పంచగ్రామాల సమస్య అంటే విశాఖలో తెలియనివారు ఉండరు. ఇల్లు ఉంది, ఓటు ఉంది, కరెంటు బిల్లు వస్తుంది. పైకప్పు మార్చుకోవాలన్నా, పిల్ల పెళ్లికి ఆ ఇంటి మీద అప్పు తెచ్చుకోవాలన్నా కాగితం అడ్డం వస్తుంది. పోర్టు, రైల్వే, అటవీ శాఖల భూముల్లో వెలసిన బస్తీలకూ ఇదే చిక్కు. పక్కా కాలువ కట్టాలన్నా, పెద్ద పైపు వేయాలన్నా ఆ భూమి ఎవరిదన్న ప్రశ్న ముందుకొస్తుంది. భూమి ఎవరిదో తేలేదాకా కలరా ఆగుతుందా? ఇంటి హక్కు వేరు, మంచినీటి అవసరం వేరు. ఈ రెండింటినీ విడదీసి చూడలేకపోవడం పాలనలో ఉన్న పెద్ద లోపం.

ఆరోగ్యం దగ్గరికి వస్తే తేడా దూరం రూపంలో కనిపిస్తుంది. 1923లో వైద్య కళాశాల మొదలైన కాలం నుంచి ఉత్తరాంధ్ర మొత్తానికి కేజీహెచ్, అంటే ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి, పెద్ద దిక్కు. పక్క రాష్ట్రాలైన ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా రోగులు వస్తారు. చెవి-ముక్కు-గొంతు, ఛాతీ, మానసిక వైద్యశాలలు పెదవాల్తేరు, చినవాల్తేరు చుట్టూనే ఉన్నాయి. 2016లో సేవలు మొదలుపెట్టిన ప్రభుత్వ ఆసుపత్రి విమ్స్ కూడా హనుమంతవాక దగ్గర, నగరపు ఉత్తర భాగంలోనే వచ్చింది. పరిశ్రమలు, వాటితో పాటు ప్రమాదాలు ఎక్కువగా ఉన్నది దక్షిణాన. మల్కాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, బీమా ఉన్న కార్మికులకు. రోజుకూలికి, బీమా కట్టని కాంట్రాక్టరు కింద పనిచేసేవారికి అది తెరుచుకోని తలుపు. వాళ్లు కాలిన చేతితోనో విరిగిన కాలితోనో నగరం మొత్తం దాటి రావాలి. కొండ మీద ఇల్లయితే 108 వాహనం రోడ్డు దాకానే వస్తుంది. అక్కడి నుంచి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పట్టుకుని మెట్లు దింపాల్సిందే. మన్యంలో గర్భిణిని డోలీలో మోస్తున్నారని వార్త వస్తే నగరం బాధపడుతుంది. ఆ డోలీకి పట్నం రూపం ఈ కుర్చీ.

మన్యం మాట వచ్చింది కాబట్టి చిరునామా ఎంత దూరం శాసిస్తుందో చెప్పే ఉదాహరణ ఒకటి. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి విశాఖ జిల్లా మూడైంది: విశాఖపట్నం, అనకాపల్లి, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా. అల్లూరి జిల్లా కొండల అంచునే, అనకాపల్లి జిల్లాలోని రావికమతం, రోలుగుంట వంటి మండలాల్లో గిరిజన పల్లెలు ఉన్నాయి. కొండ అదే, జనం వాళ్లే, బంధుత్వాలూ అటూ ఇటూ ఉన్నాయి. గీతకు అవతల ఉన్నవి షెడ్యూల్డ్ ప్రాంతంలోని ఊళ్లు. ఇవతలివి ‘నాన్ షెడ్యూల్డ్’. గిరిజన ప్రాంతాలకు రాజ్యాంగం అయిదో షెడ్యూలులో ఇచ్చిన రక్షణలు గీత దగ్గర ఆగిపోతాయి. తమ ఊళ్లను కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో చేర్చాలని ఇవతలివాళ్లు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు.

పేదలకు ఇల్లు ఇచ్చే పథకాలు ఈ తేడాను తగ్గించాలి. కొన్నిసార్లు పెంచాయి. నగరం నడిబొడ్డు బస్తీ నుంచి కొమ్మాది, మధురవాడ వైపు కేంద్ర పట్టణాభివృద్ధి పథకం జేఎన్ఎన్‌యూఆర్ఎం బ్లాకుల్లోకి మార్చినప్పుడు గోడలు పక్కావి వచ్చాయి, పని దూరమైంది. ఆ తర్వాత నగర పేదలకు ఇచ్చిన ఇళ్ల స్థలాలు ఇంకా దూరం, ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వంటి మండలాల్లో. పూర్ణా మార్కెట్లో తెల్లవారుజామున కూరగాయల బుట్ట ఎత్తే మనిషికి అక్కడి నుంచి ఆ వేళకు బస్సు ఉండాలి. బస్సు లేని చోట ఇల్లు వస్తే, ఇల్లు తాళం వేసి పాత బస్తీలోనే అద్దెకుంటారు. అప్పుడు లబ్ధిదారులు ఇళ్లలో చేరడం లేదని నివేదిక రాస్తారు.

సేవలు కొందరికి తక్కువ అందుతుంటే, వాటి భారం ఇంకొందరి మీద ఎక్కువ పడుతుంది. నగరం ఊడ్చిన చెత్త కాపులుప్పాడ చేరుతుంది. బీచ్ రోడ్డు శుభ్రంగా ఉందన్న మెప్పు నగరానికి, దుర్గంధం కాపులుప్పాడ చుట్టుపక్కల ఊళ్లకు. ప్రమాదం నుంచి రక్షణ కూడా ప్రజాసేవే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు వచ్చినప్పుడు జనాన్ని లేపే సైరన్ మోగలేదు. 12 మంది చనిపోయారు. కర్మాగారం గోడ పక్కన నిద్రపోయేవారికి ముందస్తు హెచ్చరిక అందకపోతే, ఆ ఊరికి ఎన్ని సిమెంటు రోడ్లు వేసినా ఏం లాభం?

డబ్బు లేదా అంటే ఉంది, ఎక్కడ పెట్టాలన్న నిర్ణయంలో ఉంది చిక్కు. 2016 జనవరిలో ప్రకటించిన తొలి 20 స్మార్ట్ నగరాల్లో విశాఖ ఒకటి. నగరంలో ఒక ప్రాంతాన్ని ఎంచుకుని అక్కడ నిధులు కేంద్రీకరించడం ఆ పథకం పద్ధతి. విశాఖ ఎంచుకున్నది రామకృష్ణా బీచ్ పరిసరాలు. పర్యాటకం కోణంలో ఆ ఎంపికకు కారణాలు చెప్పవచ్చు. అవసరం కోణంలో చెప్పడం కష్టం. ఆ నిర్ణయం జరిగిన కాలంలో నగరానికి ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో, 98 వార్డులకు. మధ్యలో తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. 2013లో విలీనమైన ఊళ్ల వాళ్లు తమ సొంత స్థానిక సంస్థను పోగొట్టుకున్నారు, కార్పొరేటరు రాలేదు. కాలువ పూడిక తీయమని ఎవరి గుమ్మం తొక్కాలో తెలియని తొమ్మిదేళ్లు అవి.

2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు వచ్చాక ఒక పని నిజంగా మెరుగైంది. సుమారు నాలుగు వేల జనాభాకు ఒక కార్యాలయం. కొండవాలు బస్తీకి, మధ్యతరగతి ఉండే ఎంవీపీ కాలనీకి ఒకే సూత్రం. ధ్రువపత్రాల కోసం తిరిగే తిరుగుడు తగ్గింది. ఇది చిన్న విషయం కాదు, తక్కువ చేసి చూడకూడదు. అయితే ఫిర్యాదు తీసుకునే బల్ల ఇంటి దగ్గరికి వచ్చినంత మాత్రాన పైపులో ఒత్తిడి పెరగదు. నీళ్లు రావడం లేదన్న ఫిర్యాదు రాసుకునే ఉద్యోగి చేతిలో పంపు లేదు, బడ్జెట్ లేదు. ఆయన ఇవ్వగలిగింది నంబరు మాత్రమే.

కొండవాలు ఇళ్లకు సేవలివ్వడం ఖర్చుతో కూడిన పని అనీ, ఇస్తే ఆక్రమణలు పెరుగుతాయనీ ఒక వాదన తరచుగా వినిపిస్తుంది. మొదటి మాట నిజం. అదే కొలత అందరికీ పెడితే 153 కిలోమీటర్ల కాలువ ద్వారా పరిశ్రమకు నీరివ్వడం కూడా ఖర్చుతో కూడిన పనే. అవసరమనుకున్నారు కాబట్టి చేశారు. రెండో మాటకు నగర చరిత్రే జవాబు. నలభై, యాభై ఏళ్లుగా సేవలు ఆపినా కొండ ఎక్కేవారు ఆగలేదు. కింద వారి స్తోమతకు తగిన చోటు లేదు కాబట్టి ఎక్కారు. కొండచరియ విరిగిపడే చోట ఉన్న ఇళ్లను తప్పకుండా మార్చాలి, పనికి అందే దూరంలో. మిగిలిన వాటికి నీళ్లు ఆపి శిక్షించడం వల్ల పెరిగేది పిల్లల విరేచనాలే.

కొంత పని మొదలైంది కూడా. నగరపు ఉత్తర, పశ్చిమ భాగాల్లో ఆసియా అభివృద్ధి బ్యాంకు సాయంతో ఇరవై నాలుగు గంటల నీటి సరఫరా పథకం చేపట్టారు. అలాంటి పథకం పూర్తయిందని ప్రకటించేటప్పుడు ఎన్ని కిలోమీటర్ల పైపు వేశారో, ఎన్ని కనెక్షన్లు ఇచ్చారో చెప్పడం ఆనవాయితీ. దానితో పాటు ప్రతి ట్యాంకు కింద అన్నిటికంటే ఎత్తున ఉన్న ఇల్లు ఏదో గుర్తించి, ఆ కుళాయి దగ్గర ఒత్తిడి కొలిచి చెప్పాలి. ఒత్తిడి కొలిచే మీటరు అరచేతిలో పట్టే వస్తువు. కింద వాల్వు తిప్పిన ఉద్యోగి ఎన్ని గంటలకు తిప్పాడో పుస్తకంలో రాసుకుంటాడు. పై మెట్టు దగ్గర మొదటి బిందె ఎన్ని గంటలకు నిండిందో, ఎన్ని బిందెల తర్వాత ఆగిందో పక్క గడిలో రాయాలి. ఆ పుస్తకాన్ని వార్డు సచివాలయం గోడకు, అందరూ చదివేలా, తెలుగులో అంటించాలి. అలాంటి పుస్తకం నెల రోజులు నడిస్తే చాలు, ఏ వీధిలో మధ్య ట్యాంకు కట్టాలో, ఏ మోటారు విప్పించాలో, ఏ గొయ్యి ముందుగా పూడ్చవచ్చో ఆ వీధివాళ్లే వేలుపెట్టి చూపిస్తారు.